పెద్దమ్మ వేయించిన మట్టి

ఉదయం షిఫ్టుకు కంపెనీ బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్కింటి కోడలి నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అత్తమ్మ పోయింది" అంది. తనే మళ్లీ అంది. "నేను ముచ్చట చెప్తుంటే వినుకుంటనే ఉండె. ఇటు మళ్లి సూసేసరికి లేదు." తర్వాతి స్టాపులో దిగి, ఆటో పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

పట్నం శివార్లలోని ఇంద్రేశంలో మేం ఇల్లు కట్టుకున్న లేఅవుట్ ఒకప్పుడు చనిపోయిన ఆ ముసలామె అత్తవారి జొన్న చేను. మా నాన్న కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఈ ప్రాంతంలోనే ఉండిపోయాడు. నేను పుట్టిందీ, మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నదీ ఇక్కడే. అయినా ఇది నా ఊరు అని నాకెప్పుడూ అనిపించలేదు. గృహప్రవేశం రోజు ప్రహరీగోడ మీంచి ఆమె తొంగి చూసి, "బిడ్డా, నీళ్లు గిట్ల గావాల్నా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆమె నాకు పెద్దమ్మ.

ఆమె కొడుకు వ్యాన్ నడుపుతాడు. రెండేళ్ల కిందట గుమ్మడిదల వైపు ఒక కౌజు పిట్టల ఫారం మూసేస్తుంటే, గుడ్లు పెట్టడం మానేసిన పిట్టల్ని కొన్నింటిని అట్టపెట్టెలో వేసుకొచ్చాడు. కూరకని. పిడికెడంత పిట్టలు, ఎండుగడ్డి రంగువి. తలల మీద ఈకలు రాలి, చర్మం కనిపిస్తోంది. పెద్దమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పాదాలు చూసింది.

"ఇవి పుట్టినకాంచి మన్ను తొక్కినట్టు లేవురా. జాలీ మీదనే పెరిగినయి. జెరసేపాగు, మన్నుల ఇడుద్దాం."

మేస్త్రీలు వదిలేసి వెళ్లిన ఇనుప తట్టలో పొడిమట్టి, కట్టెపొయ్యి బూడిద కలిపి పోసింది. పిట్టల్ని అందులో వదిలింది. కూరగాయల సంచీతో అటు పోతున్న నేను గేటు దగ్గర ఆగాను. పిట్టలు కదల్లేదు. ఒకటి మాత్రం ముక్కుతో మట్టిని పొడిచింది. మళ్లీ పొడిచింది. ఉన్నట్టుండి రొమ్ము నేలకానించి, కాళ్లతో మట్టిని వెనక్కి తోసి, రెక్కలు విదిలించి ఒళ్లంతా చల్లుకుంది. పక్కకు ఒరిగింది. మెడను మట్టికేసి రుద్దింది. కళ్లు సగం మూసుకుంది. దాన్ని చూసి మిగతావీ దిగాయి. తట్టలో పిట్టలు కనిపించలేదు, లేచే దుమ్మే కనిపించింది.

పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మిషన్ల పొదిగిన పిల్లలాయె. తల్లి మొకమే ఎరుగయి. ఎవలు నేర్పిండ్రు బిడ్డా వీటికి?"

సంచీ గేటు దగ్గరే పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. లోపల పప్పు మాడుతున్న వాసన వస్తూనే ఉంది, ఎవరమూ లేవలేదు. కొడుకు కత్తి పట్టుకుని బయటికొచ్చి, కాసేపు చూసి, "తానం జేసేదాన్ని ఎట్ల కోస్తనే అవ్వా" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట వాళ్లింట్లో మాడిన పప్పే.

ఆ పిట్టల్లో ఒకదాని కాలు ఫారంలోని ఇనుప తీగల జాలీలో ఇరుక్కుని ఎప్పుడో వంకర పోయింది. అది మట్టిని గీరలేకపోయేది. తట్ట అంచున కూలబడి మిగతావాటిని చూసేది. పెద్దమ్మ రోజూ దాన్ని ఒడిలో పెట్టుకుని, గుప్పెట్లోంచి మట్టిని సన్నగా దాని వీపు మీద జారవిడిచేది. ముగ్గు వేస్తున్నట్టుండేది ఆ చెయ్యి. ఒకరోజు నన్ను గోడ మీంచి కేకేసింది. "జల్ది రా బిడ్డా!" వెళ్లి చూస్తే, ఆ కుంటిది తట్ట నడుమ పక్కకు ఒరిగి, కాలి పని కూడా రెక్కతోనే చేస్తోంది. రెక్కతో మట్టిని ఎగదోసుకుంటోంది. మేమిద్దరం చిన్నపిల్లల్లా చేతులు పట్టుకున్నాం. ఇప్పటికీ ఆ చెయ్యి గరుకుదనం నాకు తెలుస్తూనే ఉంది.

మందుల కంపెనీల రోడ్డు పక్క మట్టిని ఆమె ముట్టేది కాదు. అరచేతిలో వేసుకుని వాసన చూసి, "దీంట్ల మందు వాసనున్నది" అని పారబోసేది. హత్నూరలో ఆమె తమ్ముడికి చేను ఉంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఒక సంచీడు మట్టి బస్సులో వేసుకొచ్చేది. కండక్టర్ సంచీ తన్ని చూసి "ఏందమ్మా ఇది?" అని అడిగాడట. "మన్ను." "పట్నంల మన్ను దొర్కదా?" "మస్తు దొర్కుతది. పిట్టలకు పనికొచ్చేది దొర్కదు." ఈ ముచ్చట ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో!

వానాకాలం వస్తే ఇంకో తంటా. మట్టి చెమ్మగిల్లేది. జల్లెడ పట్టి, మూకుడులో పోసి, గ్యాస్ పొయ్యి మీద వేయించేది. కోడలికి ఒళ్లు మండేది.

"పల్లీలు ఏంచుకునే మూకుట్ల మన్ను ఏంచుడేంది అత్తమ్మా? నలుగురు సూస్తే ఏమనుకుంటరు?"

"తడి మన్నుల తానమెట్ల జేస్తయే? పేలు వడ్తయి వాటికి."

వేగిన మట్టి వాసన మా వంటింట్లోకీ వచ్చేది, తొలకరి ఇంట్లోనే పడినట్టు. షిఫ్టు దిగి, ఒళ్లంతా మందుపొడి వాసనతో వచ్చే నేను వంటింటి కిటికీ దగ్గర కాసేపు ఊరికే నిలబడేదాన్ని. గమనించిందంటే పిలిచేది. "జెర కూసో బిడ్డా. పని యాడికి పోదు." ఆ ఇంటి మెట్ల మీద కూర్చున్న సాయంత్రాల వల్లే ఈ ఊరు నాదైంది.

ఈ ఏడు వానల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. సంగారెడ్డి ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్తే, నన్ను చూడగానే ఎడమచేతి వేళ్లు ఒకదానికొకటి రుద్దింది, ఏదో పొడి రాలుస్తున్నట్టు. నాకు వెంటనే అందలేదు. కోడలికి అందింది. మంచం పక్కకు వంగి అంది.

"ఏంచిన అత్తమ్మా. పొద్దుగాల్నే ఏంచిన. జల్లెడ గూడ పట్టిన. కుంటిదాని మీద నేనే జల్లిన."

పెద్దమ్మ కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ ఎడమచెయ్యే లేచి ఆమె చెంపను తాకింది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇంటికి తెచ్చాక వరండాలో మంచం వేశారు. దాని పక్కనే తట్ట. పిట్టలు లేపిన దుమ్ము దుప్పటి మీద పడితే కోడలు దులిపేది కాదు. వానలు వెనకపట్టాక, ఆ మంచం మీదే ఆమె వెళ్లిపోయింది.

చేను అమ్మేయగా మిగిలిన చిన్న చెలకలో, ఆమెను భర్త పక్కన పూడ్చారు. మూడోరోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. జొన్నరొట్టె, కోడికూర, గ్లాసులో చాయ్, ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టాలి, అప్పుడే పోయినామెకు అందినట్టు. వెనక కడుతున్న అపార్ట్‌మెంట్ రాడ్ల మీద ఒక కాకి కూర్చుంది, కానీ దిగలేదు. ఎండెక్కింది. కొడుకు దండం పెట్టుకుంటూ ఏదో గొణుగుతున్నాడు.

అప్పుడు ఎక్కణ్నుంచో పిచ్చుకలు వచ్చాయి. విస్తరి వైపు చూడనైనా చూడలేదు. ఆమెను పూడ్చినచోట కొత్తగా పోసిన ఆ వదులు మట్టి మీద వాలి, పొట్టలు ఆనించి, రెక్కలు కొట్టడం మొదలుపెట్టాయి. ఎవరో పెద్దాయన అదిలించడానికి చెయ్యెత్తాడు. కోడలు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవ్వలు కదలకుండ్రి" అంది గుసగుసగా.

ఎవరమూ కదల్లేదు. పిచ్చుకలు మట్టిలో చిన్న చిన్న గుంటలు చేసుకుని ఒరిగి, దొర్లి, మళ్లీ లేచి ఒళ్లు విదిలించుకున్నాయి. వాటి రెక్కల్లోంచి లేచిన దుమ్ము ఎండలో ఎర్రగా కాసేపు నిలిచి, నిమ్మళంగా కిందికి దిగుతోంది.