తొండియార్‌పేట వీధికి నేను వేసిన రంగులు

ఎనిమిదేళ్ళుగా ఒక పత్రిక పేజీని మోస్తున్నాను. ఇల్లు మారినప్పుడల్లా పారేద్దామనుకుంటాను, మళ్ళీ తీసుకెళ్ళి బీరువాలో చీరల కిందే పెడతాను. చూసినవాళ్ళందరూ ఎంత బాగుందో అంటారు. అదెందుకంత బాగుందో నాకొక్కదానికే తెలుసు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇవాళ నోరు పెగులుతోంది.

నేను పత్రికలకు ఇన్ఫోగ్రాఫిక్స్, అంటే లెక్కలు చెప్పే బొమ్మలు, గీస్తాను. మా అమ్మకు ఆ మాట నోరు తిరగక, "ఆఫీసులో ముగ్గులేస్తాది" అని చుట్టాలకు చెప్తుంది. ఏ పేటలో పొద్దున్నే ఏ టిఫిను తింటారు, పెళ్ళి ఊరేగింపులో ఏ పాట పెడితే పెద్దవాళ్ళు కూడా గంతులేస్తారు, ఇలాంటివి తెలుసుకోకపోతే నాకు తోచదు. బస్సులో పక్కావిడ ఫోన్లోకి తొంగిచూసి చీవాట్లు తిన్న రోజులున్నాయి.

మద్రాసులో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్ళ మీద ఒక ఆదివారం పేజీ గీస్తానని నేనే అడిగాను. ఒక్కో ఇంటికి ఒక్కో సున్నా, అందులో మూడు వలయాలు. లోపలిది పెద్దవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే భాష. మధ్యది టీవీలో చూసే భాష. బయటిది పిల్లలు పెద్దవాళ్ళకు జవాబు చెప్పే భాష. తెలుగుకు పసుపు, తమిళానికి నీలం, వేరే ఏదైనా అయితే ఆకుపచ్చ. మేముండే చింతాద్రిపేటలో, తిరువొత్తియూరులో, తొండియార్‌పేటలోని ఒక వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపాను.

తొండియార్‌పేటలో నన్ను తిప్పింది ఎస్తేరమ్మ. ఇళ్ళల్లో పనిచేస్తుంది, శనివారాలు ఒక ప్రార్థన హాలు ఊడుస్తుంది. ఆ హాల్లోనే సాయంత్రం పిల్లలకు తెలుగు నేర్పేవారు. ఊడ్చిన చీపురు మూల పెట్టి, వెనక బల్ల మీద కూర్చుని, మనవరాలితో పాటు తనూ పలక పట్టేది. నాకోసం ఒక రోజు పని మానుకుంది. ప్రతి గడప దగ్గరా "మన పాపే, పేపర్లో ఏస్తాది, చెప్పండి" అని నాకు పూచీ పడింది.

ఆ వీధి ఫారాల కట్టను నేను పోగొట్టాను. తిరువొత్తియూరు నుంచి వస్తూ రైల్లో పై అరలో అవి ఉన్న గుడ్డసంచి పెట్టి, మిగతా ఫారాలున్న చేతిసంచి మాత్రం తీసుకుని దిగిపోయాను. స్టేషన్లో వాకబు చేశాను. దొరకలేదు.

ఇంతవరకు అది తప్పు కాదు, పొరపాటు. తప్పు మర్నాడు పొద్దున కంప్యూటరు ముందు మొదలైంది. ఎడిటరుకు చెప్తే ఒక వారం ఇచ్చేవాడు, లేదా ఆ వీధి తీసేయమనేవాడు. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. మరి ఎందుకు చెప్పలేదు? ఎస్తేరమ్మ ముందు మళ్ళీ నిలబడి, నీ రోజంతా రైల్లో పారేసి వచ్చానక్కా అని చెప్పడానికి సిగ్గేసింది. కాఫీ తాగి, గుర్తున్నంతవరకు నింపుదామని మొదలుపెట్టాను. గుర్తున్నవి నాలుగైదు ఇళ్ళు. మిగతావన్నీ నా చెయ్యి నింపింది.

చెయ్యి ఏ రంగు ఎందుకు పట్టుకుంటుందన్నది ఇన్నేళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. ఈ మధ్య ఆ పేజీని భూతద్దం పెట్టి చూశాను. నిజంగా అడిగి గీసిన చోట్ల అంతా గందరగోళం. చింతాద్రిపేటలో ఒక తాత కొరియా సీరియల్ తప్ప ఇంకేదీ చూడడు, ఆయన మధ్య వలయం ఆకుపచ్చ. తిరువొత్తియూరులో ఒక ఇంట్లో అక్క తెలుగులో, చెల్లి తమిళంలో జవాబిస్తారు, ఆ వలయాన్ని సగం సగం పంచాల్సి వచ్చింది. నేను అల్లిన వీధిలో ఇలాంటి తిక్క ఒక్కటీ లేదు. లోపల పసుపు, మధ్యలో నీలం, బయట నీలం. వరసగా, నీటుగా, చూడముచ్చటగా. పేజీకి శీర్షిక కూడా ఆ వీధి నుంచే పుట్టింది, తెలుగు ఈ తరంతో సరి అని. అందరూ మెచ్చుకున్నది ఆ మూలనే.

ఆ నీలం ఎక్కడిది? మా ఇంట్లోది. నేను తెలుగులో పిలిస్తే మా అమ్మాయి తమిళంలో పలుకుతుంది. నేనూ సర్దుకుపోయాను. అందరి ఇళ్ళూ మా ఇంటిలాగే ఉంటే నా తప్పేమీ లేనట్టే కదా? వీధి మొత్తానికి మా ఇంటి రంగు పులిమింది అందుకేనని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు తెలిసి చేశానా? తెలియదు. కానీ ఎస్తేరమ్మ మనవరాలు నా ముందే "అవ్వా, ఈమె ఎవరు?" అని శుభ్రంగా తెలుగులో అడిగింది. అది గుర్తుంది. ఆ సున్నాకూ నీలమే వేశాను, ఒక్కటి పసుపైతే వరస చెడిపోతుందని.

పేజీ వచ్చిన మూడో వారం ఎస్తేరమ్మ మా ఆఫీసుకొచ్చింది. పేజీని మడిచి బైబిల్లో పెట్టుకుని తెచ్చింది.

"ఈట్లో మా ఇల్లు యాడుండాదమ్మా?"

నేను వేలు పెట్టి చూపించాను. ఆమె వంగి చూసింది.

"బయట గీత నీలంగా ఉండాదే? మా పాప నాతో తెలుగే కదమ్మా మాట్లాడేది. నువ్వు ఆడ కూసోని రాసుకుంటివే."

"అచ్చులో రంగు మారిందక్కా," అన్నాను.

"అప్పిడియా, అట్లనా! నేనూ అదే అనుకున్న్యా." ఆమె మొహం విప్పారింది. "హాల్లో తెలుగు క్లాసు ఆపేసినారమ్మా. ఈ బొమ్మే చూపించినారు. పిల్లకాయలు ఎవురూ తెలుగు మాట్లాడేది లేదు, ఎవురికోసం నడిపేది అన్నారు. నువ్వొకతూరి వచ్చి, ప్రింటు తప్పని చెప్పమ్మా. నా పేర్లో రెండు ఒత్తులుండాయంట. గుణింతాలు అయిపోయినాయి, ఒత్తులు చెప్పేలోపల ఆపేసినారు."

"శనివారం వస్తానక్కా."

"సరి సరి. గేటుకాడ నిలబడుంటా."

ఆ శనివారం వెళ్ళాను. నిజం. బస్సు కిటికీ నుంచి హాలు కనిపించింది. గేటు దగ్గర ఎస్తేరమ్మ, పక్కన మనవరాలు, చేతిలో మడిచిన పేజీ. అచ్చు తప్పని చెప్తే, సరైన కాపీ చూపించమంటారు. ఫారాలు అడుగుతారు. బస్సు ఆగింది. నా ముందాయన దిగాడు. నేను దిగలేదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

తర్వాత ఆమె రాలేదు. ఫోనూ చేయలేదు. కోపమొచ్చిందా, లేక పెద్దాఫీసు మనిషి, తీరిక లేదేమో అని నన్నే వెనకేసుకొచ్చిందా? రెండోదే అయివుంటుందని నా భయం. ఆ క్లాసు మళ్ళీ తెరవలేదు. నాకు తెలుసు, ఎందుకంటే ఏటా ఏదో ఒక వంకతో కనుక్కుంటూనే ఉన్నాను. కనుక్కోవడానికి మాత్రం నాకెప్పుడూ తీరిక ఉంటుంది.

కొన్నిసార్లు ఆ వీధి నిజంగా ఎలా ఉండేదో ఊహించుకుంటాను. ఎన్ని సున్నాలకు అంచు పసుపుగా ఉండేది? ఎవరింట్లో ఆకుపచ్చ? తలచుకుంటే ఇప్పటికీ తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. కానీ ఇప్పుడెళ్ళి అడిగినా అప్పటి జవాబు దొరకదు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నేను అబద్ధంగా వేసిన నీలం ఈపాటికి నిజమైపోయి ఉంటుందేమో. అయితే అందులో నా చెయ్యెంత?

అచ్చులో ఏ తప్పూ లేదు ఎస్తేరక్కా. ఫారాలు పోగొట్టింది నేను. రంగులు అల్లింది నేను. నీ మనవరాలి తెలుగును తుడిచేసింది నేను. శనివారం బస్సు దిగనిదీ నేనే.

రాసేశాను. ఇన్నాళ్ళకు ఊపిరి కొంచెం కిందికి దిగింది. నిన్న ఈ కాగితాలు మళ్ళీ చదువుకుంటుంటే ఒక సంగతి తట్టింది. వీటిలో వరసకొక ఒత్తు ఉంది. ఆమె చేతికిచ్చినా, తన పేరు దగ్గరే ఆగిపోతుంది.