తిరిగిరాని రాగి విత్తనం

మా అమ్మ దగ్గర పరిశోధనకని రాగి విత్తనం పట్టుకుపోయినవాళ్లు తిరిగి ఇవ్వనేలేదు. తీసుకున్న విత్తనానికి పంట వచ్చాక దోసెడు ఎక్కువ కలిపి ఇవ్వడం మా బెళ్ళందూరు ఆచారం. నేనింకా మరిచిపోలేదు. మొన్న బస్సులో పక్కనున్న అమ్మాయి ఒడిలో రాగుల పొట్లాలు చూసి ఊరుకోలేకపోయాను.

"ఎవరింటి రాగులమ్మా, ఎత్తుకుపోతాండావు?"

"ల్యాబువి తాతా. పాత రాగుల్లో కరువుకు తట్టుకునే జన్యువులు వెతికి, కొత్త రకాల్లో పెడతాం."

"పెట్టి, పేరు మార్చి మాకే అమ్ముతారు! బెళ్ళందూరులో మా అమ్మ ఇచ్చిన విత్తనం నా చేతికిస్తారా?"

ఆమె నవ్వలేదు. మేం అమ్మేసిన చేలో లేచిన అపార్టుమెంట్ల ముందు బస్సు ఆగింది. దిగబోతూ అంది:

"బెళ్ళందూరు రాగులు మా చల్లగదిలో భద్రంగా ఉండాయి తాతా, ఇస్తాం. చల్లేదానికి మీకు చేను ఉండాదా?"