ముఖం చూడని బేరం

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండే హైమావతి, దగ్గర్లోని చాంపా ఊరి నేతగాళ్ల కోసా పట్టుచీరల్ని ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టింది. ప్రతి చీరనూ కళ్లు మూసుకుని నిమిరాకే ఫోటో తీసేది. మధ్యాహ్నపు ఎండలో తీసిన ఒక చీర తెరమీద కరిగిన బంగారంలా మెరిసింది. పూనా నుంచి ఒక పెళ్లికూతురు, "నిజంగా ఇదే రంగా?" అని రాసింది. ముఖం చూడని మనిషి బేరానికి రావడం అదే మొదలు. హైమావతి చీరను నీడలోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. "ఎండలోనే బంగారం. నీడలోనైతే, ఎండిన ఇప్పపువ్వు రంగు," అని జవాబు టైపు చేసింది. గార్డు డ్యూటీకి బయల్దేరుతున్న భర్త రాజేంద్ర అది చదివి, "ఏటిది? ఇలా రాస్తే ఎవులు కొంటారు?" అన్నాడు. "నమ్మి అడిగింది కదండీ," అంది.

కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. హైమావతి ఆశ వదులుకున్నాక జవాబొచ్చింది: "మా పెళ్లి సాయంత్రం. దీపాల వెలుగులో ఎలా ఉంటుందో చూడండి. మీరు చెబితే చాలు." ఆ మాట ఆమె మళ్లీ మళ్లీ చదువుకుంది. పొద్దు గూకాక దీపం వెలిగించి, చీర కట్టుకుని దాని ఎదురుగా కూర్చుంది. పట్టు మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టుంది. డ్యూటీ దిగొచ్చిన రాజేంద్ర గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏ రంగులా ఉందండీ?"

"రంగు నాకేటి తెలుస్తాది గానీ, కాసేపలాగే ఉండు," అన్నాడతను.