రెండు తెల్ల పొడులు

మొన్న మా అమ్మాయి వంటింట్లో వెనీలా ఎసెన్సు సీసా మూత తీసింది. హాల్లో కూర్చున్న నాకు ఆ వాసన తగలగానే చేతిలో పేపరు ఒళ్లో పడేశాను. "ఏంటమ్మా, అలా అయిపోయావు?" అంది. ఏమని చెప్పను? ఇరవై ఏళ్ల పైమాట. సుబ్బలక్ష్మి పిన్నిగారు, ఆవిడ తడివేలు, రెండు గాజు సీసాలు కళ్లముందు నిలబడ్డాయి.

పెళ్లయిన కొత్తలో జంగారెడ్డిగూడెం నుంచి రామచంద్రపురానికి కాపురానికొచ్చాను. పిన్నిగారు మా ఇంటి ఓనరు. వాళ్లు కింద, మేము పైన. బాబాయిగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. మా వీధిలో ఇంట్లో ఐస్‌క్రీమ్ చెయ్యడం తెలిసింది ఆవిడొక్కరికే. నాకు పని తొందరగా వస్తుందని, అంతకంటే తొందరగా గర్వం వస్తుందని మా అమ్మ అనేది. ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకుందామని ఆవిడ వంటింట్లో చేరాను. "అరలీటరు చిక్కటి పాలు, తొమ్మిది చెంచాల పంచదార, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్. ఇది జీఎంఎస్, రెండు చెంచాలు. ఇది సీఎంసీ, పావు చెంచా. చల్లటి పాలల్లో కలిపి, కాగే పాలల్లో పొయ్యాలి. గడ్డకట్టాక తీసి, మీగడా ఎసెన్సూ వేసి బాగా గిలక్కొట్టి, మళ్లీ ఫ్రీజర్లో పెట్టాలి," అంటూ చేసి చూపించారు. జీఎంఎస్, సీఎంసీ రాజమండ్రిలో బేకరీ సామాను కొట్లో దొరికేవి. రెండూ ఐస్‌క్రీమ్ నున్నగా రావడానికి వేసే తెల్ల పొడులే. ఆవిడ వాటిని ఒకేలాంటి సీసాల్లో, పేరైనా రాయకుండా పెట్టుకునేవారు.

"పేర్లు అంటించుకోవచ్చు కదండీ?" అన్నాను.

"అంటిస్తే చదువుతాం, చూడటం మానేస్తాం. వేలు తడుపుకుని కొంచెం నలిపి చూడు. బెండకాయ జిగురులా జారితే సీఎంసీ. ఎన్నిసార్లు చేసినా ముట్టుకునే వెయ్యాలమ్మాయ్," అన్నారు.

మూడో వేసవికి బాబాయిగారికి గొంతులో జబ్బు తేలింది. విశాఖపట్నంలో చూపించారు. ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు. నోరంతా పుళ్లు. మంచినీళ్లు కూడా చెంచాతోనే. ఒకరోజు నేను పక్కనుండగానే, "సుబ్బూ, ఐస్‌క్రీమ్ చేస్తావా? చల్లగా దిగుతుందేమో," అన్నారు. నెల్లాళ్లలో ఆయన కావాలని అడిగింది అదొక్కటే. పిన్నిగారికి మంచం పక్కనుంచి కదలడానికి లేదు. నేను చేస్తానన్నాను. "ముట్టుకుని చూడమ్మాయ్," అన్నారు. "నాకు తెలీదా అండీ," అన్నాను.

తెలీదు. వేలు తడపలేదు. ఒక సీసాలోంచి రెండు చెంచాలు, రెండోదాంట్లోంచి పావు చెంచా చకచకా వేసేశాను. పాలు గబగబా చిక్కబడుతుంటే భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. మర్నాడు పొద్దున్న డబ్బా తీస్తే బంకముద్ద. రెండు చెంచాలు పడింది సీఎంసీ. చెంచా దిగదు, దిగితే ఊడి రాదు. అది ఆయన గొంతులో పెట్టుంటే అక్కడే ప్రాణం పోయేది.

డబ్బా పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాను. పిన్నిగారు చెంచాతో కదిపి చూశారు, నా మొహంలోకి చూశారు. తిట్టినా బాగుండేది. మూత పెట్టేసి ఆయన వైపు తిరిగి, "రాత్రంతా కరెంటు లేదు కదండీ, పాడైపోయింది. ఇవాళ మళ్లీ చేస్తాను," అన్నారు.

బాబాయిగారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. రాత్రంతా దాని కిందే ఆయన నిద్రలేకుండా పడుకున్నారు. అది ఒక్క నిమిషం కూడా ఆగలేదు. తరవాత నా వంక చూసి, బొంగురు గొంతుతో, "అవునమ్మా, ఒకటే ఉక్క," అన్నారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

ఆ పూట నన్ను ఆయన దగ్గర కూర్చోబెట్టి పిన్నిగారే చేశారు. మధ్యాహ్నం గిలక్కొట్టి రెండోసారి ఫ్రీజర్లో పెట్టారు. అది గడ్డకట్టకముందే బాబాయిగారు పోయారు. చావు జరిగిన ఇంట్లో వండినవేవీ ఉండకూడదని ఎవరో ఫ్రిజ్ ఖాళీ చేసి, ఆ డబ్బా దొడ్లో అరటి మొక్క మొదట్లో బోర్లించారు. వెన్నలా కుదిరింది. అది కరిగి మట్టిలో ఇంకిపోయేదాకా అక్కడే నిలబడి ఏడ్చాను.

పెద్దకర్మ అయ్యాక ఉండబట్టలేక, "పిన్నిగారూ, ఆవేళ నేను పొడులు..." అని మొదలుపెట్టాను. ఆవిడ దీపానికి వత్తులు చేసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"కరెంటు పోయిందమ్మాయ్. మీ బాబాయిగారూ అన్నారు కదా. ఆయన మాట మనం కాదంటామా?" అన్నారు.

ఇప్పుడు ఆవిడా లేరు. మొన్న మా అమ్మాయి తెచ్చింది అన్నీ కలిపేసిన రెడీమేడ్ పొడి. తేడా చూడటానికి అందులో ఏమీ లేదు. అయినా లేచి వెళ్లి, వేలు తడుపుకుని ముట్టుకున్నాను. సాయంత్రం ఐస్‌క్రీమ్ గిన్నెలో పెట్టి తెచ్చిచ్చింది. నాకు ఇప్పటికీ గొంతు దిగదు. "పళ్లు జివ్వుమంటున్నాయే, తినలేను," అన్నాను.

ఆ రోజు పొద్దున్నే ఐసుముక్కలు వేసుకుని నిమ్మరసం తాగాను. ఆ గ్లాసు చేతికిచ్చింది మా అమ్మాయే. కాసేపు నా మొహంలోకి చూసింది.

"అవునులే అమ్మా," అంది.