టీవీల బిడ్డకు ఒడిబియ్యం

మా అమ్మ రోజూ సూసే సీరియల్‌ల పుట్టింటోళ్లు లేని కోడలు ఒకామె ఉంటది. గా సీరియల్ తీసే ఇల్లు కోరుట్ల దగ్గరనే ఉన్నదని తెలిసి, సిరిసిల్ల నుంచి అమ్మను, పిల్లలను తీస్కపోయిన. తీరా పోతే ఇంటికి తాళం. షూటింగోళ్లు పట్నం పోయిండ్రట. పిల్లలు గేటు కాడ ఫోటోలు దిగిండ్రు. అమ్మ చేతిల సంచి మాత్రం కింద పెట్టలేదు.

వచ్చేటప్పుడు బస్సుల అమ్మ పక్కన ఒకామె కూసున్నది. వరి నాటుకు పోయి వస్తున్నట్టుంది, చీర అంచుకు బురద ఉన్నది. "సంచిల ఏంది పెద్దమ్మా?" అని అడిగింది.

"ఒడిబియ్యం. టీవీల పిల్లకు పోద్దామని తెచ్చిన. దాని ఒడి నింపెటందుకు పుట్టింటోళ్లు లేరు గద."

వెనుక సీట్ల ఉన్న నాకు సిగ్గయింది. "అదంత యాక్టింగేనే అమ్మా" అని కసిరిన.

గామె నవ్వలేదు. అమ్మ దిక్కు మర్రి కూసున్నది.

"నాకు గూడ ఎవ్వలు లేరు పెద్దమ్మా" అని ఒళ్లె కొంగు పరిచింది.

నడుస్తున్న బస్సులనే అమ్మ ఐదు దోసిళ్లు పోసింది. మేడిపల్లి రాంగనే గామె లేచి, ఒడిలకెల్లి పిడికెడు బియ్యం తీసి అమ్మ సంచిల ఏసింది.

"పుట్టింట్ల ఇంత విడిచిపోవాలె గదనే అమ్మా" అని దిగిపోయింది. పేరు అడుగుడు మాకెవ్వలకు యాదికి రాలేదు.

సీరియల్ల కోడలు ఇంకా ఏడుస్తనే ఉన్నది. అమ్మ అంతగ పట్టించుకుంటలేదు. మొగులు కమ్మితే మాత్రం నన్ను అడుగుతది, "మేడిపల్లి దిక్కు వాన పడ్డదారా?" అని.