ఎక్స్‌రే సభలో మర్యాదల వరస

ముందే చెప్పేస్తున్నాను. కొబ్బరాకు రాలితే తోట కూలిందని చెప్పే రకం నేను. మా ఇంట్లో నా మాటకి సగం ధర కట్టి, అందులోనూ తరుగు తీసేస్తారు. కాబట్టి నేను జనం వెయ్యిమందంటే వందనుకోండి, వందంటే మా వీధివాళ్ళనుకోండి.

అమలాపురంలో అణుశాస్త్రానికీ ఎక్స్‌రే వైద్యానికీ కలిపి సభ పెట్టాలన్న ఊహ సైన్సు మేష్టారిది. ఆయనది మా పక్కిల్లే. అప్పటికి అణువంటే మా వాళ్ళకి తెలిసింది జపాను మీద పడ్డ బాంబు. ఎక్స్‌రే అంటే కాకినాడ వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే కబురు. "ఇప్పుడీ సభ మనకెందుకండీ" అని ఎవరైనా అడిగితే, "విజ్ఞానం వ్యాపించాలి కదండీ" అనేవారు మేష్టారు. అసలు సంగతి నాకొక్కడికే చెప్పేరు.

ఆయన భార్యకి దగ్గు. వానలతో మొదలైంది, వానలు వెలిసినా పోలేదు. పొద్దువాలేసరికి జ్వరం. నన్ను అన్నయ్యగారూ అని పిలిచి కాఫీ ఇచ్చే మనిషి, గ్లాసు అరుగు మీద పెట్టి దూరంగా జరిగేది. ఊళ్ళో డాక్టరు గారు, "నాకు అనుమానంగానే ఉందండి. ఎక్స్‌రే పటం చూడకుండా ఆ సూదిమందు మొదలెట్టలేను" అన్నారట. పటానికి ముక్తేశ్వరం రేవులో పంటు పడవెక్కి, గోదావరి దాటి, ద్రాక్షారామం మీదుగా కాకినాడ పోవాలి. గోదావరి దాటొచ్చు గానీ, ఆ పంటు మీద రహస్యం దాటించడం మా సీమలో ఎవరి తరమూ కాదు. ఈ ఒడ్డున దగ్గితే ఆ ఒడ్డున దిగేలోగా రోగానికి పేరు పెట్టేస్తారు. క్షయ అని పేరు పడిందా, ఆ ఇంట ఎవరూ మంచినీళ్ళు ముట్టరు. మేష్టారి ఉద్యోగమూ ఉండదు.

అందుకని ఎక్స్‌రేనే ఊళ్ళోకి రప్పించాలని పథకం. మిషను ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఎవరివో ఛాతీలు కావాలి కదా. ఆ వరసలో ఆవిడా నిలబడితే అనుమానం రాదు.

నన్ను ఆహ్వాన సంఘానికి కార్యదర్శిని చేసేరు. ఆహ్వానపత్రం మీద ఎవరి పేరు పైన ఉండాలో తేల్చడం కంటే అణువుని గోళ్ళతో చీల్చడం సులువు. ఆఖరికి ముందూ వెనకా తెలియకుండా పేర్లన్నీ గుండ్రంగా అచ్చు వేయించేం. చదవడానికి కార్డుని చక్రంలా తిప్పాల్సొచ్చేది. దాన్ని తిప్పి తిప్పి రాజోలులో ఒకాయనకి కళ్ళు తిరిగేయి.

అధ్యక్షులు కొబ్బరి వ్యాపారి. సీమలో సగం తోటలు ఆయనవి, మిగతా సగం కోర్టులో ఉన్నాయి. సభ బియ్యం మిల్లులో పెట్టేం, డైనమో అక్కడే ఉంది గనక. మద్రాసు నుంచి వచ్చిన ఎక్స్‌రే డాక్టరు గారు మిషనుని గడ్డిలో పొదిగి రేవు నుంచి ఎడ్లబండి మీద తెచ్చేరు, వెంట ఓ పెట్టెడు ఫిల్ములు. యూనివర్సిటీ ప్రొఫెసరు గారు అణువుల అలికిడికి టిక్కుటిక్కుమనే యంత్రం తెచ్చేరు. అది అధ్యక్షుల వారి రేడియం గడియారం దగ్గర తెగ కొట్టుకుంది. "నా చేతికి బాంబున్నట్టేనాండీ" అని ఆయన మురిసిపోయేరు.

మేష్టారి భార్య ఆడవాళ్ళ బెంచీ చివర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ముందుగా ఒక ఆరోగ్యవంతుడి ఛాతీ చూద్దాం" అన్నారు డాక్టరు గారు.

మా సీమలో పెద్దాయన విస్తట్లో పడందే పక్క విస్తట్లో ఉప్పయినా పడదు. అధ్యక్షులవారే లేచేరు.

"కండువా ఉంచుకోవచ్చాండీ?"

"అది పటంలో పడదండి."

"పడకపోతే నేనేనని ఎలా తెలుస్తుందండీ?"

ఆయనది అయ్యేసరికి ఉపాధ్యక్షులు చొక్కా విప్పేసి సిద్ధంగా ఉన్నారు. "ఆయనది తీసి నాది వదిలేస్తే, నా గుండెలో ఏదో లోటుందని ఊరనుకోదూ?" ఆ వెనక కోశాధికారి, ఆ వెనక మిల్లు ఆసామీ, మిషనుకి కుంకుమ పెట్టి ఆశీర్వచనం చదివిన ఘనపాఠీ గారు. కొత్తపేట నుంచొచ్చిన అన్నదమ్ములిద్దరు, ఒకే ఫిల్ములో పక్కపక్కన పడతామని పట్టుబట్టేరు.

డాక్టరు గారు మేష్టారిని పిలిచి, "ఫిల్ములు తరిగిపోతున్నాయి. రోగులెవరైనా ఉంటే ముందు పంపండి" అన్నారు.

మేష్టారు నోరు తెరిచేరు. ఈలోగా అధ్యక్షులవారు మైకు అందుకుని, "రోగులా? మా ఊళ్ళో రోగులెవరుంటారండీ. కొబ్బరినీళ్ళు తాగే ఒళ్ళు" అన్నారు. మిల్లు కప్పు లేచిపోయేటట్టు చప్పట్లు. మేష్టారు నోరు మూసుకున్నారు.

అయినా డాక్టరు గారు కనిపెట్టేరు. జనమంతా భోజనాలకి లేచేక, దాచి ఉంచిన ఒక్క ఫిల్ముతో, తవుడు బస్తాల చాటున ఆవిడకి పటం తీసేరు. దీపానికి అడ్డంపెట్టి చూసి, "మచ్చ చిన్నదేనమ్మా, వేళ మించలేదు" అన్నారు. సూదిమందు మొదలైంది. వేసవి వచ్చేసరికి ఆవిడ నా చేతికే కాఫీ అందించింది.

ఇప్పుడు కల్పించిందేదో చెప్పాలి. జనాన్ని పెంచేను, తోటల్నీ పెంచేను. కండువా మాట నిజం, అన్నదమ్ముల ఫిల్ము నిజం. అలాంటివి కల్పించే తెలివి నాకు లేదు. కల్పించింది ఆ దాచి ఉంచిన ఫిల్ము. దాచినదేమీ లేదు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు ఎవరికో దండం పెట్టి పటం చెడగొట్టుకున్నందుకు, ఆఖరిది ఉపాధ్యక్షులవారికే రెండోసారి తీసేరు. డాక్టరు గారు మిషను సర్దుకుంటుంటే ఆవిడ లేచి, వడ్డనకి సాయం వెళ్ళింది.

సంక్రాంతి వెళ్ళేక మేష్టారు తెగించి కాకినాడ తీసుకెళ్ళేరు. అప్పటికి రెండు ఊపిరితిత్తులూ పాడయ్యేయన్నారు. ఆవిడ ఉగాది చూడలేదు.

పరామర్శకి అధ్యక్షులవారు కారులో వచ్చేరు. అరుగు మీద మేష్టారి పక్కనే కూర్చుని, "నాకొక్క మాట చెబితే నా వంతు వదులుకుందును కదా మేష్టారూ" అన్నారు. ఆయన అన్నది నిజమే, వదులుకునేవారే.

"ఆయ్, అవునండి" అన్నారు మేష్టారు.