బద్రన్న జేబులోని రేడియేటర్ మూత

షెల్లాక్ డబ్బా తెరవగానే స్పిరిటూ లక్కా కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. అది తగిలిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. వాసనకు కోపమేమిటని మీకు అనిపించవచ్చు. మొన్న జనగామలో, నా షెడ్డులో, ఒక పాత నల్ల కారు ఇంజన్ ముందు కూర్చుని ఆ డబ్బా తెరిచాను. పాత కార్లను బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించడం నా పని. ఆ కారు నాకు కొత్త కాదు, దాన్ని తెచ్చిన కుర్రాడే కొత్త. "అన్నా, గిది మా తాత కారు. క్లాసిక్. అప్పట్ల మానుకోటల ఎవడో తండా మెకానిక్ ఇంజన్ ఖరాబ్ చేసిండట, గప్పటి సంది మూలకు పడ్డది" అన్నాడు నవ్వుతూ, నెల కిందట కారు నాకు అప్పగించిన రోజున. నేనూ తండావాడినేనని అతనికి తెలియదు. ఆ 'ఎవడో' పేరు బద్రు. నాకు పని నేర్పిన మనిషి. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను.

మహబూబాబాద్‌లో కురవికి వెళ్లే రోడ్డు పక్కన ఆయన షెడ్డు ఉండేది. మా ప్రాంతంలో ఆ ఊరిని ఇప్పటికీ మానుకోట అనే అంటాం. నేను అక్కడికి వెళ్లేసరికి పెళ్లయి పిల్లలున్నవాణ్ని. ట్రాక్టర్ నడిపీ నడిపీ నడుం పట్టేస్తే, కూర్చుని చేసే పని ఏదైనా నేర్చుకుందామని వెళ్లాను. బద్రన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. దాన్ని విప్పి మేకుకు తగిలించి, బనీనుతో పనిలోకి దిగేవాడు. వినయమనేది ఆయన దరిదాపులకు కూడా రాలేదు. "మానుకోటల నా లెక్క చేసెటోడు ఉంటె తోల్కరా, చూస్త" అని గిరాకీల ముందే అనేవాడు. పని మధ్యలో ఎవరైనా తొందర పెడితే మా లంబాడి భాషలో తిట్టేవాడు. ఆ తిట్లు అర్థం కాక పటేళ్లు తల ఊపేవాళ్లు, నేను ఇంజన్ వెనక దాక్కుని నవ్వుకునేవాణ్ని.

ఆయన నాకు మొదట నేర్పింది స్టడ్లు బిగించడం. ఇంజన్లోంచి పొగ బయటికి పోయే పోత ఇనుప గొట్టాన్ని మానిఫోల్డు అంటాం. దాన్ని ఇంజన్‌కు పట్టి ఉంచే మరమేకులే ఈ స్టడ్లు. పాత ఇంజన్లలో వాటి రంధ్రాలన్నీ ఒకలా ఉండవు. కొన్ని లోపల మూసుకుపోయి ఉంటాయి, కొన్ని మాత్రం నీళ్లు తిరిగే దారిలోకి తెరుచుకుంటాయి. అలాంటి చోట మరకు షెల్లాక్ పూయకుండా బిగిస్తే నీళ్లు మర వెంట ఊరుతూ బయటికి వచ్చేస్తాయి. ఇంజన్ ఎండిపోయి కాలిపోతుంది. బద్రన్న నీళ్లన్నీ దింపి, పుల్లకు గుడ్డ చుట్టి రంధ్రం లోపల తుడిచి, ఆ గుడ్డను చెంపకు ఆనించి చూసుకునేవాడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. మళ్లీ తుడవాలి. మొదటిసారి నేను ఆత్రంగా పానా అందుకుంటే నా చేతి మీద కొట్టాడు. "పానా కింద పెట్టు. మొదాలు వేళ్లతోని తిప్పు. మర సక్కగ పోతుందో లేదో వేళ్లకు తెలుస్తది, పానాకేం తెలుస్తది?" అన్నాడు. ఇప్పటికీ నా చెయ్యి ముందు పానా మీదికి పోదు.

పూసిన షెల్లాక్ గట్టిపడాలంటే ఆ రాత్రంతా ఇంజన్లో చుక్క నీరు పోయకూడదు. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి పోయేముందు రేడియేటర్ మూత విప్పి జేబులో వేసుకునేవాడు. మూత లేని బండిని ఎవరూ కదిలించరని ఆయన నమ్మకం. బండివాళ్లు వచ్చి మూత కనిపించక నిలబడిపోతే "పొద్దుగాల రాపో" అని పంపించేవాడు. "కూరగాయలు తెమ్మంటె మూతలు తెస్తడు మీ అన్న" అని వదిన నాతో అంటూ ఉండేది. మానుకోటలో ఈ సంగతి తెలియని డ్రైవరు లేడు.

కారు తెచ్చిన ఆ కుర్రాడి తాతే పటేల్. వాళ్ల కుటుంబం ప్రతి శివరాత్రికీ కురవి వీరభద్రస్వామి జాతరకు ఆ నల్ల కారులోనే పోవాలి. అదొక పంతం. ఆ ఏడు జాతర ముందురోజు ఒక స్టడ్డు విరిగింది. బద్రన్న పాత ముక్క తీసి, కొత్తది షెల్లాక్ పూసి బిగించి, ఎప్పటిలాగే మూత జేబులో వేసుకున్నాడు. "రేపు పగటీలికి తీస్కపోండ్రి, అప్పటిదాంక ముట్టద్దు" అని, మధ్యాహ్నం దాకా ఆగమని డ్రైవరుకు చెప్పిన మాట నేను నా చెవులతో విన్నాను. మేమటు ఇంటికి పోగానే, దీపాలు పెట్టే వేళకు, పటేల్ కొడుకు మనుషులతో వచ్చాడు. బకెట్‌తో నీళ్లు పోయించి, మూత లేకపోతే రేడియేటర్ మూతికి గుడ్డ కట్టించి, కారు తోలుకుపోయాడు. మూత లేదంటే ఆగమని కదా అర్థం! వాళ్లింట్లో మాత్రం గుడ్డ కట్టమని అర్థం. కురవి చేరకముందే ఇంజన్ ఆవిర్లు కక్కి నిలిచిపోయింది.

మర్నాడు కారును ట్రాక్టర్‌కు కట్టి మా షెడ్డు ముందుకు లాక్కొచ్చారు. ఆవిరికి ఉడికి రంగు మారిన గుడ్డ ఇంకా రేడియేటర్ మూతికే ఉంది. చుట్టూ జనం మూగారు. "ఏంరా బద్రూ, తండోళ్లకు గొడ్లను గాయ జెప్పాలె గని ఇంజన్ అప్పజెప్తరా? మాదే తప్పు" అన్నాడు పటేల్. బద్రన్న జేబులోంచి మూత తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "మూత నా కాడ ఉన్నది పటేలా. మూత లేంది బండెట్ల తీసిన్రు? గంత అడగుండ్రి మీ పిలగాన్ని." పటేల్ తన కొడుకు వైపు తిరగనైనా లేదు. "మూత గీత నాకు జెప్పకు. పది మందిల తప్పు నాదేనను, ఇడిసిపెడత" అన్నాడు. "నాది కాదు" అన్నాడు బద్రన్న. నేను ముందుకొచ్చి, డ్రైవరుతో చెప్పిన మాట విన్నానని గట్టిగా చెప్పాను. "నువ్వు గూడ తండోనివే గద, గట్లనే అంటవ్" అన్నాడొకడు, అందరూ నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో బద్రన్న మూతల సంగతి తెలిసిన డ్రైవర్లున్నారు. రోజూ మా షెడ్డులో చాయ్ తాగినవాళ్లున్నారు. ఆ గుడ్డ అందరికీ కనిపిస్తూనే ఉంది, అయినా ఒక్కడి నోరు పెగల్లేదు. పటేల్ అలా అన్నందుకన్నా వాళ్లు అలా నిలబడినందుకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది.

ఆ తరువాత షెడ్డుకు బండ్లు రావడం తగ్గిపోయింది. పటేల్‌తో ఎందుకొచ్చిన గొడవ అని కొందరు, నిజంగానే ఇంజన్ పాడుచేశాడని కొందరు మానేశారు. ఒకసారి తప్పు ఒప్పుకుంటే అన్నీ సర్దుకుంటాయని వదిన కూడా బతిమాలింది. "చెయ్యని తప్పు నాదంటె, రేపు చేసిన పని గూడ నాది గాదంటరు" అన్నాడు. షెడ్డు మూసేసి భూపాలపల్లి వెళ్లి, బొగ్గు లారీల రిపేరు పనిలో కుదిరాడు. మానుకోటలో తన సాటి లేడని చెప్పుకున్న మనిషి అక్కడ ఎవరి కిందో పనిచేశాడు. జబ్బుపడ్డాడని తెలిసి చూడటానికి వెళితే, దిండు కింద నుంచి ఆ మూత తీసి నా చేతిలో పెట్టాడు. "గిది వాళ్ల సొమ్ము, నాకద్దు. వాళ్లింట్ల ఒక్కలన్న, ఆనాడు మూత ఏడున్నదని అడిగితె ఇయ్యి. అడగకుంటె ఇయ్యకు" అన్నాడు. ఆ జబ్బుతోనే పోయాడు.

మొన్న ఆ కుర్రాడికి, ఆనాడు మూత ఎవరి దగ్గరుందో ఒక్కటి తప్ప, ఇదంతా చెప్పాను. మూత తెచ్చి చూపించాను. అతను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అడుగుతాడనుకున్నాను. "అరె, గిది ఒరిజినల్ గదన్నా! నేను ఆన్‌లైన్ల తెప్పించింది డూప్లికేట్. గిదే పెట్టు, ఫోటోలల్ల మస్తుంటది. రేపు పొద్దుగాలనే ర్యాలీ ఉన్నది, జర జల్ది" అన్నాడు. కారుకు వయసు పెరిగితే క్లాసిక్ అయింది. దాన్ని బాగుచేసినవాడు మాత్రం వాళ్లింట్లో ఇంకా 'ఎవడో'గానే ఉన్నాడు. మూత అతని చేతిలోంచి తీసుకున్నాను.

చివరికి మిగిలిన స్టడ్డుకు షెల్లాక్ పూసి, వేళ్లతో తిప్పి, ఆ తరువాతే పానా పట్టాను. పని చెడగొట్టి పగ తీర్చుకునే మనిషి దగ్గర నేను పని నేర్చుకోలేదు. "రేపు పగటీలికి రా. అప్పటిదాంక ముట్టద్దు" అన్నాను. ర్యాలీ, ర్యాలీ అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు. నేను కారుకున్న కొత్త మూత విప్పి, బద్రన్న మూత ఉన్న జేబులోనే వేసుకుని ఇంటికి నడిచాను. కొత్తది మర్నాడు తిరిగి బిగించాను. పాతది ఇంకా నా దగ్గరే ఉంది.